ఫిలిప్పీన్స్ కర్రసాము: ఆత్మరక్షణ, గాయాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదివే రోజుల్లో నేను అర్నిస్ అనే అక్కడి కర్రసాము మొదలుపెట్టాను. సాయంత్రం క్లాసులయ్యాక ఒక పార్కులో, చెట్ల కింద, గురో దగ్గర. ఫిలిప్పీన్స్‌లో ఈ విద్య నేర్పేవారిని గురో అని పిలుస్తారు. ఇప్పుడు మన దగ్గరే ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో క్యాజువాలిటీ డ్యూటీ చేస్తున్నాను. అక్కడ కర్రతో కొట్టడం నేర్చుకున్నాను, ఇక్కడ కర్ర దెబ్బలు తిని వచ్చినవాళ్లకు కట్టు కడుతున్నాను. మెడిసిన్ కోసం అక్కడికి వెళ్లే మన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, అమెరికాలో క్లాసుల్లో చేరిన స్నేహితులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి.

అర్నిస్, ఎస్క్రిమా, కాళి: ఇవి మూడు వేర్వేరు విద్యలా?

ఒకే విద్యకు మూడు పేర్లు. అర్నిస్ అన్నది కవచం అనే అర్థమున్న స్పానిష్ మాట నుంచి వచ్చింది. ఎస్క్రిమా అన్నది కత్తియుద్ధం అనే మాట నుంచి వచ్చింది. స్పెయిన్ ఆ దీవులను మూడు వందల ఏళ్లకు పైగా పాలించింది. దెబ్బల పేర్లలో, దూరాల పేర్లలో ఆ భాష ఇప్పటికీ వినిపిస్తుంది. సెబు దీవి చుట్టుపక్కల ఎస్క్రిమా అన్న పేరే ఎక్కువ. కాళి అన్న మాట అమెరికాలో స్థిరపడిన గురువుల వల్ల బాగా వ్యాపించింది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిపై అక్కడి గురువులకే ఏకాభిప్రాయం లేదు. కాబట్టి మన కాళికాదేవితో ముడిపెట్టి చెప్పే కథలను నమ్మకండి.

2009 డిసెంబరు 11న సంతకమైన 9850 నంబరు చట్టం అర్నిస్‌ను ఫిలిప్పీన్స్ జాతీయ యుద్ధకళగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. బడుల్లో వ్యాయామ పాఠాల్లో చేర్చాలని కూడా చెప్పింది. శైలులు చాలా ఉన్నాయి. సెబులో 1932లో మొదలైన డోసె పారెస్, అందులోంచి బయటికొచ్చిన వెనాన్సియో బేకన్ నడిపిన బలింటవాక్, నెగ్రోస్ దీవికి చెందిన రెమీ ప్రెసాస్ రూపొందించిన మోడర్న్ అర్నిస్ మీకు ఎక్కువగా తగిలే పేర్లు.

నాకు మన కర్రసాము వచ్చు. ఇది తేలిగ్గా పట్టుబడుతుందా?

మణికట్టు, అడుగు, కర్ర బరువు మీద అంచనా మీకు ముందే ఉంటాయి కాబట్టి మొదటి నెల హాయిగా సాగుతుంది. తర్వాతే కష్టం. మనం తిప్పే కర్ర మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది, రెండు చేతులూ వాడతాం. అర్నిస్ కర్ర సుమారు 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. ఒక చేత్తో పడతారు. రెండో చేయి ఖాళీగా ఉండదు, గుండె ముందు కాపలా కాస్తుంది. దాన్ని బంతాయ్ కమాయ్ అంటారు, కాపలా చేయి అని అర్థం.

ఇంకో తేడా ఉంది. అర్నిస్‌లో కర్రను కత్తికి బదులుగా చూస్తారు. దెబ్బ పడే కోణాలన్నీ అక్కడి పల్లెల్లో కొబ్బరికాయలు కొట్టే, తుప్పలు నరికే బోలో కత్తి కోణాలే. అందుకే ఎదుటివాడి కర్రను చేత్తో గభాలున పట్టుకోబోతే మా గురో వెంటనే ఆపేవారు. అది కత్తయితే ఆ వేళ్లు ఉండేవా అని అడిగేవారు.

ఎలాంటి కర్ర కొనాలి?

పేము కర్ర. కుర్చీలు అల్లే పేమే, కాస్త లావుది, బొటనవేలంత మందం. పేము లోపలంతా పీచు. ఎన్ని దెబ్బలు తిన్నా పీచు లేస్తుందే తప్ప ఉన్నట్టుండి రెండు ముక్కలై ఎగరదు. రెండు పేము కర్రలు గట్టిగా తాకినప్పుడు మాడిన వాసన ఒకటి వస్తుంది. మొదటిసారి అందరూ కంగారు పడతారు, అది మామూలే.

వెదురు వద్దు. బోలుగా ఉంటుంది, పగిలితే బ్లేడు లాంటి అంచులు వస్తాయి. కమగాంగ్, బాహి అనే గట్టి కర్రలు కూడా అమ్ముతారు, చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. వాటిని ఒంటరిగా బలం పెంచుకునే సాధనకే వాడాలి. కమగాంగ్ దెబ్బ ఎముక మీద పడితే దాదాపు ఇనుప కడ్డీ తగిలినట్టే. కొత్తవాళ్లు దాంతో జోడీ సాధన చేయడం చూస్తే నాకు భయమేస్తుంది.

మొదటి నెలల్లో ఏం నేర్పుతారు?

దెబ్బలకు అంకెలుంటాయి. చాలా శైలుల్లో పన్నెండు. ఒకటి అంటే ఎడమ కణత వైపు ఏటవాలుగా పడేది, రెండు అంటే కుడి వైపుది, అలా మోకాలు, పొట్ట, కళ్లు దాకా. ఏ అంకె ఎక్కడికన్నది శైలిని బట్టి మారుతుంది. తర్వాత సినవాలి వస్తుంది. ఇద్దరూ రెండేసి కర్రలు పట్టుకుని ఒకే లయలో కొట్టుకుంటారు. సవాలి అంటే వెదురు తడిక. తడిక అల్లినట్టు కర్రలు ఒకదాని మీదుగా ఒకటి పోతాయి కాబట్టి ఆ పేరు. కోలాటం ఆడినవాళ్లకు ఆ లయ పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మా పార్కులో ఒక తెలుగమ్మాయి మొదటి రోజే అందరికంటే బాగా చేసింది, చిన్నప్పుడు గుడి దగ్గర కోలాటం నేర్చుకుందట.

నిజంగా దాడి జరిగితే ఇది పనికొస్తుందా?

కొంత. ఆ కొంత ఎంతో తెలుసుకుని దిగితే మంచిది.

టెన్షన్ ఒక్కసారిగా పెరిగినప్పుడు చేతులు వణుకుతాయి, చూపు ఇరుకైపోతుంది, పక్కనున్న రెండోవాడు కనిపించడు. క్లాసులో నేర్చుకున్న సున్నితమైన మెలికలు, కీళ్లు బంధించే పట్లు, కర్ర లాగేసే ఎత్తులు ఆ సమయంలో గుర్తుకు రావు. మిగిలేవి మూడే: పెద్ద ఏటవాలు దెబ్బ, దెబ్బ దారిలోంచి పక్కకు అడుగు, అక్కడి నుంచి పరుగు. ఆ మూడూ వేలసార్లు చేసి ఉంటే వస్తాయి. లేకపోతే అవీ రావు.

అర్నిస్ నుంచి నాకు నిజంగా దక్కింది దూరం లెక్క. లార్గో, మెదియో, కోర్తో అని మూడు దూరాలు నేర్పుతారు. లార్గోలో నా కర్ర కొస ఎదుటివాడి చేతికి మాత్రమే అందుతుంది. మెదియోలో ఇద్దరికీ అన్నీ అందుతాయి. కోర్తోలో కర్ర కొస కంటే పిడికి, మోచేతికి పని ఎక్కువ. కొన్ని నెలలు సాధన చేశాక వీధిలో ఎవడైనా మీద మీదకి వస్తుంటే ఏ అడుగు దగ్గర ప్రమాదం మొదలవుతుందో ఒంటికే తెలుస్తుంది. గొడవ మొదలుకాకముందే రెండడుగులు వెనక్కి వేయడం నాకు అలా అలవాటైంది. ఆ అలవాటు వల్ల తప్పిన గొడవలు నేను కర్రతో గెలవగలిగే గొడవల కంటే ఎక్కువే.

ఇంకొకటి. ఆయుధం పట్టిన చేతినే ముందు కొట్టడం ఈ విద్యకు ప్రాణం. పాము కోరలు పీకడం అంటారు దాన్ని. ఆత్మరక్షణకు ఇది మంచి ఆలోచన, ఎందుకంటే చేయి దగ్గరగా ఉంటుంది, దెబ్బ తగిలితే ఆయుధం జారుతుంది, మనిషి ప్రాణం పోదు. తల మీద కొట్టడం నేర్పుతారు గానీ, కణత మీద పడే ఒక్క దెబ్బ మనిషిని చంపగలదని క్యాజువాలిటీలో చూసినవాణ్ణి. ప్రాణం మీదకు వస్తే తప్ప తల జోలికి పోకండి. చేయి, ముంజేయి, తొడ, పిక్క చాలు.

ఎప్పుడూ చేతిలో కర్ర ఉండదు కదా?

ఉండదు. కానీ గొడుగు ఉంటుంది, పెద్ద టార్చి ఉంటుంది, నీళ్ల బాటిల్ వేసిన సంచీ ఉంటుంది. కోణాలు అవే కాబట్టి వస్తువు మారినా చేయి వెతుక్కోదు. గొడుగుతో తిప్పి కొడితే కమ్మీలు వంగిపోతాయి తప్ప పెద్దగా పని జరగదు. రెండు చేతులా పట్టుకుని కొసతో ఛాతీ మీదకు నెట్టడం మేలు, దూరం దొరుకుతుంది. వీపు మీద బ్యాగు ఉంటే బ్యాగును ముందుకు తిప్పి డాలులా పట్టుకోవడం నేర్చుకోండి. ఖాళీ చేతులకంటే అది ఎన్నో రెట్లు నయం.

కత్తి చూపిస్తే చేత్తో లాక్కోవచ్చా? వీడియోల్లో తేలిగ్గా లాగేస్తున్నారు.

వద్దు. ఫోన్ అడిగితే ఫోన్ ఇచ్చేయండి, గొలుసు అడిగితే గొలుసు ఇచ్చేయండి.

వీడియోల్లో దాడి చేసేవాడు ఒకసారి పొడిచి చేయి అలాగే చాచి నిలబడతాడు. నిజంగా పొడిచేవాడు కుట్టుమిషను సూదిలా పొడుస్తూ వెనక్కి లాగుతూ ఉంటాడు, రెండో చేత్తో మీ చొక్కా పట్టుకుని ఉంటాడు. మా క్లాసులో ఒకసారి గురో అందరికీ తెల్ల బనీన్లు వేయించి, రబ్బరు కత్తులకు లిప్‌స్టిక్ రాయించి, నిజంగా ప్రయత్నించమన్నారు. ఇద్దరిద్దరుగా అర నిమిషం. ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్ల బనీన్ల మీద కూడా ఎర్ర గీతలే. ఎక్కువ గీతలు ముంజేతుల లోపలి వైపు, మెడ పక్కన. నా బనీను మీద పదకొండు లెక్కపెట్టాను. ఆ రోజు నుంచి కత్తి గురించి ఎవరడిగినా నా జవాబు మారలేదు: మధ్యలో కుర్చీనో, బైకునో, టేబుల్‌నో అడ్డం పెట్టుకోండి, అరవండి, పరుగెత్తండి. పారిపోయే దారి లేక, వాడు చంపడానికే వస్తున్నప్పుడు మాత్రమే ఆ కత్తి చేతిని రెండు చేతులా పట్టుకోవడం అన్న మాట వస్తుంది. అప్పుడు కూడా గాయాలు అవుతాయి.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. 2024 జులై 1 నుంచి ఇది అమల్లో ఉంది. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ చెబుతుంది. 40వ సెక్షన్ ప్రకారం ప్రమాద భయం ఉన్నంతసేపే ఆ హక్కు. అంటే వాడు కిందపడి కర్ర వదిలేశాక మీరు కొట్టే దెబ్బ ఆత్మరక్షణ కిందికి రావడం కష్టం, అది మీ మీద కేసు అవుతుంది.

ఫిలిప్పీన్స్‌లో ఉన్న విద్యార్థులకు ఒక హెచ్చరిక. అక్కడి శిక్షాస్మృతి 11వ అధికరణం మూడు విషయాలు అడుగుతుంది: ఎదుటివాడు అన్యాయంగా దాడి చేశాడా, మీరు వాడిన పద్ధతి సమంజసమేనా, మీరు తగినంత రెచ్చగొట్టారా. అక్కడ జీవనోపాధికి అవసరమైతే తప్ప ఇంటి బయట కత్తి, బాకు, మొద్దు ఆయుధం వెంట పెట్టుకోవడం నేరం. క్లాసుకు వెళ్లేటప్పుడు కర్రలు సంచీలో పెట్టి జిప్పు వేసుకుని వెళ్లండి. సరదాకి బాలిసాంగ్ కత్తి కొని జేబులో వేసుకోవద్దు. పరాయి దేశంలో పోలీసు కేసంటే వీసా, చదువు రెండూ చిక్కుల్లో పడతాయి.

సాధనలో ఎక్కువగా ఎక్కడ దెబ్బలు తగులుతాయి?

చేతులకు. నేను చూసినంతలో మిగతావన్నీ కలిపినా చేతి దెబ్బలంత ఉండవు. కారణం సులభం: అర్నిస్ కర్రకు కత్తికి ఉన్నట్టు పిడి కవచం ఉండదు. ఎదుటి కర్ర మీ కర్ర మీద పడి కిందికి జారితే నేరుగా వేళ్ల మీదే ఆగుతుంది. పైగా చేతినే కొట్టమని నేర్పే విద్య ఇది. పాత రోజుల్లో సాధనలో కూడా చేతుల మీదే కొట్టేవారు, చాలామంది అందుకే మానేసేవారు. రెమీ ప్రెసాస్ దాన్ని మార్చి, సాధనలో కర్రకు కర్ర తగిలేలా నేర్పడం మొదలుపెట్టాడు. ఈ విద్య బళ్లలోకి, విదేశాలకు వెళ్లడానికి ఆ మార్పు ఎంతో దోహదం చేసిందని నేను నమ్ముతాను.

నా చూపుడువేలి కథ చెబుతాను. రెండో ఏడాదిలో సినవాలి చేస్తూ ఎనాటమీ పరీక్ష గురించి జోడీతో కబుర్లాడుతున్నాను. లయ అర క్షణం తప్పింది. అతని కర్ర నా కర్ర మీదుగా జారి చూపుడువేలి కణుపు వెనక పడింది. పెద్ద నొప్పి లేదు, చేయి మొద్దుబారి కర్ర గడ్డిలో పడిపోయింది. ఏం కాలేదని చెప్పి మళ్లీ కర్ర అందుకోబోయాను. గురో వచ్చి పిడికిలి మూయమన్నారు. మూస్తే చూపుడువేలు తిన్నగా మడతపడకుండా మధ్యవేలి మీదకు వాలిపోతోంది. ఆయన ఎక్స్‌రే అయినా చూడకుండా విరిగిందని చెప్పేశారు. అరచేతి ఎముక విరిగి మెలి తిరిగింది. ఆ రోజు కర్ర అందుకుని ఉంటే ఆ వేలు ఇప్పటికీ వంకరగానే ఉండేది.

ఆ పరీక్ష మీరూ గుర్తుపెట్టుకోండి. పిడికిలి మూసినప్పుడు నాలుగు వేళ్ల కొసలూ బొటనవేలి మొదలు వైపు చూడాలి. ఒక వేలు పక్కవేలి మీదకు ఎక్కితే వాపు తగ్గాక చూద్దామని ఆగకండి.

చేతుల తర్వాత ముంజేయి. కర్ర పైకి లేవగానే ఎవరైనా మోచేయి మడిచి ముంజేయి అడ్డం పెడతారు, అది సహజం. ఆ దెబ్బకు చిటికెనవేలి వైపు ఉండే ఎముక విరుగుతుంది. పోలీసు లాఠీ పేరు మీద దాన్ని నైట్‌స్టిక్ ఫ్రాక్చర్ అంటారు. ఊళ్లో పొలం గట్టు గొడవల తర్వాత మా దగ్గరికి వచ్చే ఎక్స్‌రేల్లో ఇదే తరచుగా కనిపిస్తుంది.

చేతికి దెబ్బ తగిలిన వెంటనే ఏం చేయాలి?

ముందు ఉంగరాలు, కడియం, వాచీ తీసేయండి. వాచాక ఉంగరం రాదు, కత్తిరించాల్సి వస్తుంది. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి, చేయి గుండె కంటే ఎత్తులో ఉంచండి. మర్దన చేయకండి, వేలు పట్టుకుని లాగకండి. విరిగిందన్న అనుమానం ఉంటే నాటు కట్టు దగ్గరికి వెళ్లకుండా ముందు ఎక్స్‌రే తీయించండి. గట్టిగా బిగించిన కట్టు వల్ల వేళ్లు నల్లబడి వచ్చినవాళ్లను చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

రెండు గాయాలు మోసం చేస్తాయి. వేలి కొస కణుపు దగ్గర దెబ్బ తగిలి కొస వాలిపోయి, సొంతంగా పైకి లేవకపోతే దాన్ని మాలెట్ ఫింగర్ అంటారు. నొప్పి పెద్దగా ఉండదు. కానీ ఆరు నుంచి ఎనిమిది వారాలు రాత్రీ పగలూ తీయకుండా స్ప్లింటు, అంటే వేలిని నిటారుగా పట్టి ఉంచే బద్ద, ఉంచాలి, మధ్యలో ఒక్కసారి వేలు వంగినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. రెండోది బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర గుంటలో నొక్కితే నొప్పి. చేయి ఆనించి పడ్డప్పుడు అక్కడి స్కాఫాయిడ్ ఎముక విరగవచ్చు, మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. నొప్పి ఉంటే కట్టు ఉంచి పది, పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలి.

ముంజేయి రాయిలా గట్టిపడి, మందులకు తగ్గని నొప్పి పెరుగుతూ, వేళ్లు చాపితే ప్రాణం పోయేంత బాధ ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. కండరంలో ఒత్తిడి పెరిగి రక్తం అందని పరిస్థితి అది, గంటల్లో చేయి పాడవుతుంది.

కంటికి ఎంత ప్రమాదం?

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీనికే. వేలు విరిగితే అతుక్కుంటుంది, కన్ను అలా కాదు.

మా పార్కులో ఒక సాయంత్రం నా జోడీ కర్ర కొస పీచు లేచి ఉంది. ఇంకో పది నిమిషాలేగా అని మార్చలేదు. కర్రలు తగిలినప్పుడు సన్నటి చీలిక, అగ్గిపుల్లలో సగం ఉంటుందేమో, ఎగిరి అతని కనుబొమలో గుచ్చుకుంది. కొద్దిగా కిందికి తగిలి ఉంటే కనుగుడ్డే. అప్పటి నుంచి ప్రతి క్లాసుకు ముందు కర్రను గుడ్డతో కొస నుంచి కొస దాకా తుడుస్తాను. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ పీచు లేచినట్టు. చిన్నదైతే టేపు చుడతాను, లోతుగా ఉంటే ఆ కర్ర పక్కన పడేస్తాను. జోడీ సాధనకు కళ్లద్దాలు తప్పవు. మామూలు చూపు అద్దాలు సరిపోవు, పగిలితే అవే గుచ్చుకుంటాయి. పాలీకార్బొనేట్ రక్షణ అద్దాలు కొనండి.

దెబ్బ తగిలితే నలపకండి, నొక్కకండి. ఏదైనా గుచ్చుకుని ఉంటే తీయకండి, కడగకండి. కాగితం కప్పు అడుగు భాగం కత్తిరించి, కంటిని తాకకుండా పైన బోర్లించి టేపు వేసి, కంటి డాక్టరున్న ఆసుపత్రికి వెళ్లండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి తిండి, నీళ్లు ఇవ్వకండి. చూపు మసకబారినా, నల్లగుడ్డు ముందు ఎర్రగా రక్తం నిలిచినా ఆలస్యం చేయొద్దు. దెబ్బ తగిలిన కొన్ని రోజులకు, వారాలకు మెరుపులు కనిపించినా, చూపుకు అడ్డంగా తెర దిగినట్టు అనిపించినా అది రెటీనా ఊడుతున్న గుర్తు. అదే రోజు చూపించుకోండి.

తలకు తగిలింది, స్పృహ తప్పలేదు. పర్వాలేదా?

స్పృహ తప్పకుండానే మెదడు అదరవచ్చు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, అడిగిందే మళ్లీ అడగడం ఉంటే ఆ రోజుకు సాధన ఆపేయాలి. ఆ మనిషికి నేను బాగానే ఉన్నానని అనిపించినా సరే. పూర్తిగా కోలుకోకముందే రెండో దెబ్బ పడితే అది మొదటిదానికంటే చాలా ప్రమాదకరం.

కణత దగ్గర ఎముక పలుచగా ఉంటుంది, దాని వెనకే ఒక రక్తనాళం పోతుంది. అది తెగితే మనిషి కాసేపు మామూలుగా మాట్లాడి, నడిచి, టీ కూడా తాగి, ఆ తర్వాత గంటల్లో పడిపోతాడు. అందుకే తలకు దెబ్బ తగిలినవాణ్ణి గదికి ఒంటరిగా పంపకండి. మొదటి రోజంతా ఎవరైనా తోడుండాలి. వాంతులు ఆగకపోయినా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది కారినా 112కు ఫోన్ చేయండి, ఫిలిప్పీన్స్‌లో అయితే 911. రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్లు తలకు చిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రికి రావాలి. అసలు వాళ్లు కొట్టుకునే సాధన చేయకపోవడమే మంచిది.

పన్ను ఊడితే?

పాలపన్ను కాకపోతే దాచండి. వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే నీళ్లతో ఒకసారి కడిగి, అదే గుంటలో పెట్టి గుడ్డ కొరికి పట్టుకోండి. కుదరకపోతే పాలలో వేసి డెంటిస్టు దగ్గరికి పరుగెత్తండి, అరగంటలో చేరితే పన్ను దక్కే అవకాశం బాగా ఉంటుంది.

ఏ రక్షణ సామగ్రి కొనాలి? క్రికెట్ హెల్మెట్, గ్లౌజులు సరిపోతాయా?

మన ఊళ్లలో అర్నిస్ సామగ్రి దొరకదు కాబట్టి ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. క్రికెట్ బ్యాటింగ్ గ్లౌజులు నెమ్మదిగా చేసే సాధనకు బాగానే ఉంటాయి, వేళ్ల వెనక మెత్త ఉంటుంది. బొటనవేలి పక్కన, వేళ్ల కొసలకు రక్షణ తక్కువని మాత్రం మరిచిపోకండి. గట్టిగా కొట్టుకునేవాళ్లు ఐస్ హాకీ, లాక్రోస్ గ్లౌజులు వాడతారు. క్రికెట్ హెల్మెట్ బంతి కోసం చేసింది, గ్రిల్లు సందులోంచి కర్ర కొస లోపలికి దూరగలదు. పొడిచే సాధనలో అది పెట్టుకోవద్దు.

కత్తిసాము క్రీడలో వాడే ఫెన్సింగ్ మాస్కు ముఖానికీ కళ్లకూ చక్కగా పనిచేస్తుంది. కానీ అది సన్నటి కత్తి మొన కోసం చేసినది. నడినెత్తి మీద పడే కర్ర బరువును ఆపదు, తల వెనక భాగాన్ని అసలు కప్పదు. అమెరికాలో 1988లో మొదలైన డాగ్ బ్రదర్స్ అనే బృందం ఈ మాస్కు, తేలిక గ్లౌజులతోనే పూర్తి బలంతో కొట్టుకుంటుంది. ఆ వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి. వాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకుని, ప్రమాదం తెలిసి దిగినవాళ్లు.

అబ్బాయిలు అబ్డామినల్ గార్డు, అందరూ మౌత్ గార్డు పెట్టుకోవాలి.

మెత్త చుట్టిన కర్రలతో అయితే భయం లేదు కదా?

చర్మం చిట్లదు, వేళ్లు తక్కువగా విరుగుతాయి. తల మాత్రం అదురుతుంది. పైగా నొప్పి లేదు కదా అని దెబ్బలు తప్పించుకోవడం మానేసి ఎదురెళ్లి కొట్టడం అలవాటవుతుంది, ఆత్మరక్షణకు అది చెడ్డ అలవాటు. పోటీల్లో మెత్త కర్రలు వాడే పద్ధతి ఒకటి, నిండా కవచం వేసుకుని అసలు కర్రలతో ఆడే పద్ధతి ఒకటి ఉన్నాయి. 2019లో ఫిలిప్పీన్స్‌లో జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో అర్నిస్‌లో 20 స్వర్ణాలుంటే 14 ఆతిథ్య దేశానికే వచ్చాయి. పోటీ ఆట మంచిదే, వేగం పెంచుతుంది. అదే ఆత్మరక్షణ అనుకోకూడదు.

మోచేయి బయటి వైపు నొప్పి వస్తోంది. ఎందుకు?

కర్రను బిగబట్టడం వల్ల. దెబ్బ తగిలే క్షణంలోనే పట్టు బిగించాలి, మిగతా సమయమంతా వదులుగా ఉండాలి. చివర పిడికిలి వెడల్పు వదిలి పట్టుకోండి, ఆ వదిలిన భాగాన్ని పున్యో అంటారు. టైరు మీద కొట్టే సాధన మొదటి నెలలోనే వందల దెబ్బలతో మొదలుపెట్టినవాళ్లకు ఈ నొప్పి ఎక్కువ. రెండు వారాలు టైరు ఆపి, తేలిక కర్రతో గాలిలో నెమ్మదిగా చేయండి. తగ్గకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి.

అమ్మాయిలకు ఇది ఉపయోగమా?

చాలా. కొస వేగం మీద ఆధారపడే విద్య కాబట్టి కండబలం తేడా కొంతవరకు తగ్గుతుంది. అయితే అమ్మాయిలకు ఎదురయ్యే దాడులు ఎక్కువగా దగ్గర నుంచి, చేయి పట్టుకోవడంతోనో, చున్నీ లాగడంతోనో, తెలిసినవాడి నుంచో మొదలవుతాయి. దూరం నుంచి కర్ర తిప్పడం ఒక్కటే నేర్పే క్లాసు వాళ్లకు సగమే ఇస్తుంది. పట్టు విడిపించుకోవడం, గోడకు ఆనించినప్పుడు బయటపడటం, గొంతెత్తి అరవడం కూడా నేర్పుతారా అని అడిగి చేరండి. అరవడం సాధన చేయాలా అని ఆశ్చర్యపోతారు. చేయకపోతే ఆ క్షణంలో గొంతు పెగలదు.

పిల్లల్ని చేర్చవచ్చా?

చేర్చవచ్చు. ఫిలిప్పీన్స్‌లో బళ్లలోనే నేర్పుతున్నారు. మెత్త కర్రలు, కళ్లద్దాలు, తల మీద దెబ్బలు లేని ఆటలు ఉంటే చాలు. కర్రలు ఇంటికి పంపకుండా క్లాసులోనే ఉంచే గురువైతే మరీ మంచిది.

యూట్యూబ్ చూసి ఒక్కడినే నేర్చుకోవచ్చా?

కోణాలు, అడుగులు, మణికట్టు కదలిక వరకు వస్తాయి. దూరం, లయ, దెబ్బ వస్తుంటే కళ్లు మూసుకోకపోవడం మాత్రం మనిషి ఎదురుగా లేకుండా రావు. ఇంట్లో చేసేటప్పుడు తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను కింద చేయకండి. మా హాస్టల్ గదిలో ఒకతను పన్నెండో దెబ్బ కోసం చేయి పైకెత్తాడు, రెక్క కర్రను కొట్టి అతని ముక్కు మీదకే విసిరింది. మూడు కుట్లు పడ్డాయి.

మంచి గురువును ఎలా గుర్తుపట్టాలి?

చేరేముందు ఒక క్లాసు బయట కూర్చుని చూడండి. పాత విద్యార్థులు కొత్తవాళ్లతో ఎలా కొడుతున్నారో చూడండి. వాళ్ల వేళ్లు చూడండి. ఐసు, కట్టు గుడ్డ, అద్దాలు అక్కడ ఉన్నాయేమో చూడండి. ఎవరైనా ఆగు అనగానే కర్రలన్నీ ఆగుతున్నాయా? మా గురో ప్రతి జోడీ సాధనకు ముందు సెబువానో భాషలో రెండు మాటలే చెప్పేవారు: హినాయ్-హినాయ్, అంపింగ్. మెల్లగా మెల్లగా, జాగ్రత్త. వేగం పెంచినవాణ్ణి ఎంత బాగా కొట్టినా ఆ సాయంత్రం పక్కన కూర్చోబెట్టేవారు.

చెయ్యి విరిగాక మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఏ ఎముక, ఎలా విరిగింది అన్నదాన్ని బట్టి మీ డాక్టరే చెప్పాలి. కట్టు తీసిన రోజే మొదలుపెట్టకూడదు, అప్పటికి ఎముక అతుక్కున్నా కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. నా వేలికి కట్టు తీశాక మొదటి వారం గోరువెచ్చని నీళ్లలో పిడికిలి మూసి తెరవడమే చేశాను. తర్వాత తడిగుడ్డ పిండటం, ఆ తర్వాత కర్ర పట్టుకుని గాలిలో ఒకటి, రెండు అంకెలు మాత్రమే. మూడు నెలలకు మళ్లీ సినవాలికి నిలబడ్డాను, గ్లౌజులతో. జోడీ అతనే. ఈసారి ఇద్దరం కబుర్లు చెప్పుకోలేదు.